కట్టెల కుప్పలో పిండి, చెదలు, తేలు, పాము: మందు కొట్టాలా, కుప్పే తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బెంగుళూరులో కాడుగోడి దాటాక 30×40 అడుగుల స్థలంలో సొంతిల్లు. పెరట్లో నీళ్లు కాచే అండాకి ఒక టన్ను కట్టె, మామిడి, సిల్వర్ ఓక్ కలిపి కొన్నారు. వంటింటి వెనక గోడకి ఆనించి పేర్చి, పైనుంచి కిందిదాకా నీలం టార్పాలిన్ కప్పారు. వానలు పడ్డాక కట్టెల కింద పసుపు పిండి రాలుతోంది, గోడ మీద మట్టి గీతలు లేచాయి, ఒక నల్ల తేలు కనిపించింది, మొన్న పిల్లలు గోధుమ రంగు పొడుగాటి పాము సరసరా గోడెక్కి పోవడం చూశారు. మీ అత్తయ్య కుప్ప మొత్తం తీసేయమంటున్నారు, షాపతను చెదల మందు కొట్టమంటున్నాడు. పిండి పురుగు ఇంట్లో ఫర్నిచర్‌కి పాకుతుందా అని ఇంకో టెన్షన్.

మందు కొట్టొద్దు. కుప్ప పారేయక్కర్లేదు. గోడ నుంచి జరిపి, నేల నుంచి ఎత్తి మళ్లీ పేర్చండి. అడుగు వరసను ప్రతి ఏడూ పూర్తిగా కాల్చి ఖాళీ చేయండి. మీ సమస్యలో ముప్పావు వంతు ఇంతటితో పోతుంది. మిగతా పావు వంతు కట్టె తీసేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడుతున్నారనే దాని మీద ఉంటుంది, దాని గురించి కింద రాస్తాను.

నేను హొసకోట రోడ్డులో కట్టెల అడితి నడుపుతాను, మా నాన్న కుప్పం నుంచి వచ్చి పెట్టిన అడితి. పెళ్లి వంటల గాడిపొయ్యిలకి, బేకరీలకి, ఇళ్లలో అండాలకి కట్టె వేస్తాం. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్, తుమ్మ, మామిడి, అన్నీ వస్తాయి, వాటితో పాటు వాటిలో కాపురం ఉండేవీ వస్తాయి.

ముందు మందు సంగతి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. షాపుల్లో ఇచ్చే చెదల మందులు, క్లోర్‌పైరిఫాస్ లాంటివి, పునాది చుట్టూ మట్టిలో పోయడానికి ఉద్దేశించినవి. కాల్చే కట్టె మీద అవి కొడితే పొయ్యి వెలిగించిన రోజు ఆ పొగ మీ ఇంట్లోకీ పక్కింట్లోకీ పోతుంది, ఊదుతూ కూర్చునేది మీ అత్తయ్యో మీరో అవుతారు. ఆ కట్టెను రోజూ చేత్తో పట్టుకుంటారు కూడా. పాత ఇంజన్ ఆయిల్ పూయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు. పైగా పురుగు ఉండేది కట్టె లోపల, మీరు కొట్టేది పైన, కాబట్టి ఆ డబ్బూ దండగే. ఎలుకల మందు కూడా కుప్పలో పెట్టకండి. ఎలుక లోపలెక్కడో చచ్చి కంపు కొడుతుంది, మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను పట్టిన పిల్లికీ గుడ్లగూబకీ కూడా ఆ విషం ఎక్కుతుంది.

ఇక పిండి. పిండి అంతా ఒకటి కాదు, అరచేతిలో వేసుకుని వేళ్లతో రుద్ది చూడండి. గోధుమపిండిలా మెత్తగా ఉండి, కట్టె మీద గుండుసూది తలంత గుండ్రటి బెజ్జాలు ఉంటే అది పుచ్చు పురుగు. బెరడు కింద ఉండే తెల్ల చెక్కలోని గంజి పదార్థం కోసం వస్తుంది, మామిడి అంటే దానికి మహా ఇష్టం, వెదురు అన్నా అంతే. లోపలి చేవ జోలికి పెద్దగా పోదు. అలా కాకుండా రంపపు పొట్టులా గరుకుగా, పీచులు పీచులుగా ఉండి, బెజ్జం చిటికెన వేలి గోరంత వెడల్పుగా, కోలగా ఉంటే అది పొడుగు మీసాల పెంకు పురుగు. దాని తల్లి పచ్చి చెట్టు కొట్టిన కొత్తలో బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లోపల నెలల తరబడి తొలుచుకుంటూ పోతుంది. రాత్రి అడితి సద్దుమణిగాక చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కరకరమని నమిలే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు కుప్పలో ఎలుక ఉందనుకుంటారు. మూడో రకం కూడా ఉంది, పిండి కాకుండా గసగసాలంత గట్టి గింజలు రాలితే అది పొడి చెక్కలో ఉండే చెదపురుగు. అది చెన్నై లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఎక్కువ, మా వైపు నేను చూసింది తక్కువ.

ఫర్నిచర్‌కి పాకుతుందా అంటే, పొడుగు మీసాల పురుగు చాలావరకు పాకదు, దానికి సాధారణంగా బెరడున్న పచ్చి కట్టె కావాలి, ఎండి పాలిష్ పెట్టిన చెక్కలో అది గుడ్లు పెట్టడం అరుదు. పుచ్చు పురుగు మాత్రం పాకగలదు, కానీ అన్నిటికీ కాదు. పెయింటో వార్నిషో వేసిన చెక్క మీద అది గుడ్లు పెట్టలేదు, దానికి చెక్క నరాల నోళ్లు తెరుచుకుని ఉండాలి. టేకు చేవతో చేసిన మంచం, తలుపుల గురించి భయం అక్కర్లేదు. వెదురు బుట్టలు, కేన్ కుర్చీలు, మంచం అడుగున పాలిష్ వేయని చవక చెక్క బద్దలు, అటక మీద పారేసిన ప్యాకింగ్ పెట్టెలు, ఇవీ చూసుకోవాల్సినవి. ఆ రోజు కాల్చేదాన్నే లోపలికి తెచ్చుకోండి, కట్టె మోపు ఇంట్లో నిలవ ఉంచకండి. పుచ్చిన కట్టె పారేయకండి, దాన్నే ముందు కాల్చండి, మంటలో పురుగూ గుడ్డూ అన్నీ పోతాయి. చాలామంది బాగున్న కట్టె ముందు వాడి పుచ్చింది వెనక్కి నెడతారు, దాంతో మిగతా కుప్పకంతా అదే విత్తనం అవుతుంది.

గోడ మీద మట్టి గీతలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అవి చెదల దారులు. మన నేలల్లో ఉండే చెదలకి ఒళ్లు మెత్తన, ఎండా గాలీ తగిలితే ఎండిపోయి చస్తాయి, అందుకే మట్టి గొట్టం కట్టుకుని అందులో నడుస్తాయి. వాటి ఊరు కుప్పలో లేదు, కింద మట్టిలో ఉంది. మీ కట్టె నేలనీ గోడనీ రెండిటినీ తాకుతోంది కాబట్టి అది వాటికి నిచ్చెన అయింది. మా దగ్గర కట్టె తీసుకునే ఒకాయన ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగింది. గోడకి ఆనించిన కుప్ప, దాని వెనకే వంటింటి కిటికీ, కుప్ప అడ్డం ఉండటంతో మట్టి గీత ఎవరికీ కనపడలేదు. కట్టె అయిపోయి గోడ బయటపడేసరికి కిటికీ చట్రం వేలితో నొక్కితే లోపలికి పోయేంత డొల్ల. అక్కడ చెదలు కుప్పలోంచి పుట్టలేదు, కుప్ప వాటిని దాచిపెట్టింది, అంతే. మీరు ఆ గీతల్ని గోకేసి, చోటు గుర్తుపెట్టుకుని, పది రోజులు చూడండి. మళ్లీ కట్టకపోతే సరే. మళ్లీ కడితే, లేదా తలుపు చట్రాల దగ్గర కనిపిస్తే, అప్పుడు పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచి గోడ మొదట్లో మట్టికి మందు పెట్టించండి. కట్టెకి కాదు, మట్టికి. వాన పడ్డ సాయంత్రం లైటు చుట్టూ ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, ముసిరితే కంగారు పడకండి, బెంగుళూరులో ఏప్రిల్, మే వానలకి ప్రతి వీధిలో లేస్తాయి, అవి మీ కుప్పవే అనుకోనక్కర్లేదు. రెక్కలు మాత్రం ఇంటి లోపలి గోడ మూలల్లో కుప్పలుగా రాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

తేలు విషయం. మీరు చూసింది పెద్దగా, నల్లగా, ముందు పీతకున్నట్టు లావు డెక్కలతో ఉంటే అది కుట్టినప్పుడు మంట, వాపు బాగా ఉంటాయి గానీ ప్రాణం మీదికి రావడం అరుదు. భయపడాల్సింది చిన్నది, ఎర్రటి గోధుమ రంగుది, సన్నటి డెక్కలు ఉన్నది. ఆ ఎర్ర తేలు కుట్టి, పిల్లలకి ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం, గుండె దడ మొదలైతే మంత్రం, పసరు అంటూ ఒక్క నిమిషం పోగొట్టకూడదు, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఈ ఎర్ర తేలు కాటుకి ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్ర వాడి ఎంతోమందిని బతికించారు, ఆయనకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కాబట్టి వైద్యం ఉంది, సమయానికి ఆసుపత్రికి చేరడమే కావాలి.

తేళ్లు కనిపెట్టడానికి ఒక పద్ధతి చెబుతాను, మా అడితిలో అందరం వాడతాం. దొంగ నోట్లు పరీక్షించే నీలి లైటు టార్చి, అదే యూవీ టార్చి, ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది. రాత్రి దూరంగా నిలబడి కుప్ప మీద వేయండి, తేలు ఉంటే ఆకుపచ్చగా వెలుగుతుంది, సందులో తోక కొస ఉన్నా కనపడుతుంది. అడుగు మొద్దు తిరగేసినప్పుడు ఒక్కోసారి తల్లి తేలు వీపు నిండా తెల్లటి పిల్లల్ని మోస్తూ కదలకుండా కూర్చుని ఉంటుంది, అలాంటప్పుడు దాన్ని కదిలించకుండా పొడుగు పట్టకారుతో ఆ పేడు ముక్కతో సహా ఎత్తి బకెట్‌లో వేసి దూరంగా వదలడమే మా పద్ధతి.

పాము. గోధుమ రంగు, పొడుగు, సరసరా గోడెక్కి పోయింది అన్నారు కదా, అది చాలావరకు జెర్రిపోతు అయి ఉంటుంది, విషం లేదు, ఎలుకల్ని తింటుంది. కానీ నాగుపాము కూడా గోధుమ రంగులో ఉంటుంది, పడగ విప్పకపోతే పోల్చుకోవడం కష్టం, కాబట్టి పిల్లల మాట మీద నమ్మకం పెట్టుకోకండి. కట్టెల్లో నన్ను భయపెట్టేది కట్లపాము. పగలంతా చల్లటి చీకటి సందులో పడుకుని రాత్రి తిరుగుతుంది, కాటు వేస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు, కొన్ని గంటల తర్వాత కనురెప్పలు వాలిపోవడంతో బయటపడుతుంది. దీనిలాగే నల్లగా, తెల్ల పట్టీలతో వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని చిన్న పాము ఉంది, బల్లుల కోసం ఇళ్లలోకి వస్తుంది. కట్లపాముకి పట్టీలు తల నుంచి కొంత దూరం తర్వాత మొదలై తోక వైపు స్పష్టంగా ఉంటాయి, రెండోదానికి మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు చెరిగిపోతాయి. ఇది మీకు తెలియడం కోసం చెప్పాను, దగ్గరికెళ్లి చూడమని కాదు.

పాము కట్టె కోసం రాదు, ఎలుకలు, కప్పలు, బల్లుల కోసం వస్తుంది. మీ పెరట్లో కుక్కకి పెట్టిన అన్నం రాత్రంతా ఉంటుందా, కోళ్ల దాణా ఉందా, చెత్త బుట్ట మూత లేకుండా ఉందా చూసుకోండి, అవి తీసేస్తే ఎలుక పోతుంది, ఎలుక పోతే పాముకి పని లేదు. వెల్లుల్లి నీళ్లు, ఫినైల్, గంధకం, నాఫ్తలీన్ ఉండలు చల్లితే పాములు రావని అందరూ చెబుతారు, మా అడితి గేటు దగ్గర ఫినైల్ పోసిన మరునాడే దాని పక్కనుంచి పాము పోయింది. వాటి మీద ఆశ పెట్టుకుని జాగ్రత్త తగ్గించడం అన్నిటికన్నా చెడ్డది. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి యాంటీవెనమ్ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లిపోండి. కర్ణాటకలో 2024 నుంచి పాముకాటు కేసుల్ని ఆసుపత్రులు ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి, ఇది అంత పెద్ద విషయమే.

ప్రమాదం తేలో పామో కుప్పలో ఉండటం వల్ల జరగదు, సందులో చెయ్యి పెట్టడం వల్ల జరుగుతుంది. మా దగ్గర పనివాళ్లకి పడిన కాట్లన్నీ దాదాపు ఒకే రకం, వేళ్లు కట్టె వెనక్కి పోనిచ్చి లాగినప్పుడే. కాబట్టి ముందు కర్రతో రెండు మూడు సార్లు కుప్పని తట్టి కాసేపు ఆగండి, దేనికైనా పోవడానికి టైమివ్వండి. పై వరస నుంచే తీయండి, కొస కనపడేదాన్ని కొక్కెంతో ముందుకి లాగి ఆ తర్వాత పట్టుకోండి. తోలు గ్లోవ్స్, బూట్లు వేసుకోండి, వేసుకునే ముందు వాటినీ దులపండి. తెల్లవారుజామున అండా వెలిగించే అలవాటుంటే ఆ కట్టె ముందు రోజు సాయంత్రం వెలుగుండగానే తీసి పెట్టుకోండి. పిల్లలకి దాగుడుమూతలు ఆ కుప్ప వెనక వద్దని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు పేర్చే పద్ధతి. 30×40 స్థలంలో ఇంటికి 20 అడుగుల దూరం పెట్టమంటే కుదరదు, నాకు తెలుసు. కాంపౌండు మూలల్లో ఇంటికి ఎంత దూరంగా వీలైతే అంత దూరంలో, ఎండ పడే చోట పెట్టండి. కింద సిమెంటు ఇటుకలో రాళ్లో పెట్టి వాటి మీద రెండు ఇనుప పైపులు పరిస్తే నేల నుంచి కనీసం అర అడుగు ఎత్తు వస్తుంది, కింద చీపురు పోవాలి, టార్చి వేస్తే అవతలి వైపు కనపడాలి. వెనక గోడకీ కుప్పకీ మధ్య అడుగున్నర వదలండి. ఒక్క వరసే పేర్చండి, ఒకదాని వెనక ఒకటి మూడు వరసలు పేరిస్తే మధ్య వరసకి గాలీ ఎండా ఉండవు, అక్కడే అన్నీ చేరతాయి. ఎత్తు 4 అడుగులు దాటనివ్వకండి, మీద పడే భయం కూడా ఉండదు.

టార్పాలిన్ చుట్టడం ఆపండి. లోపలి తేమ బయటికి పోక కట్టె చెమర్చి, బూజు పట్టి, చీకటిగా వెచ్చగా ఉంటుంది. పైన మాత్రం వాలుగా ఒక రేకు, నాలుగు పక్కలా తెరిచి, అంతే. కట్టె చీల్చి పేరిస్తే తొందరగా ఎండుతుంది, బెరడు ఒలిచేస్తే సగం పురుగులకి ఇల్లే ఉండదు. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. పచ్చి కట్టె కొంటే నీళ్లకి కూడా తూకం డబ్బులిచ్చినట్టే, కాబట్టి డిసెంబరు, జనవరిలో కొని, ఎండాకాలమంతా ఎండనిచ్చి, వానలకి ముందే రేకు కిందికి చేర్చుకోవడం బెంగుళూరు వాతావరణానికి సరిపోతుంది. వర్షాలకి పడిపోయిన వీధి చెట్ల కట్టె చవగ్గా వస్తుంది, గుల్‌మొహర్, రెయిన్ ట్రీ లాంటివి, తీసుకోవచ్చు గానీ వాటికి పురుగు త్వరగా పడుతుంది, వేరే వరసలో పెట్టి ముందు వాటిని కాల్చేయండి.

మొదట్లో చెప్పిన అడుగు వరస మాట మళ్లీ ఎత్తుతున్నాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ తప్పు అక్కడే జరుగుతుంది. పైన కట్టె తగ్గగానే కొత్త లోడు తెప్పించి దాని మీదే వేస్తారు. అడుగున ఉన్నది నాలుగైదేళ్లు కదలదు. అలాంటి మొద్దుని తిరగేస్తే కింద వైపు మట్టి పెచ్చు కట్టి ఉంటుంది, ఆ పెచ్చు ఊడితే తెల్లటి చెదలు, పక్కన రోకలిబండ పురుగులు చుట్టచుట్టుకుని, జెర్రి ఒకటి పారిపోతూ, బల్లి గుడ్లు రెండు అంటుకుని, ఇంకో కొసన చిట్టెలుక గుడ్డపీలికలతో కట్టుకున్న గూడు. పైన ఎంత శుభ్రంగా పేర్చినా ఆ ఒక్క వరస ఉన్నంత కాలం అన్నీ మళ్లీ అక్కడి నుంచే వస్తాయి. కొత్త లోడు వచ్చే ముందు పాతది అడుగుదాకా అయిపోవాలి. చోటుంటే రెండు చిన్న కుప్పలు పెట్టుకుని ఒకటి పూర్తిగా అయ్యాకే రెండోది మొదలుపెట్టడం అన్నిటికంటే సులువు.

అన్నిటినీ తరిమేయాలని మాత్రం అనుకోకండి. తొండ, నలికిరి, కప్ప, సాలీడు, ఇవి దోమల్నీ బొద్దింకల్నీ తింటాయి, వాటికి మీతో పేచీ లేదు. పొయ్యిలో పెట్టే ముందు ప్రతి కట్టెనీ నేలకి ఒకసారి కొట్టి దులపండి, లోపల ఏ ప్రాణి ఉన్నా బయటపడుతుంది, నిప్పులో పడి చావడం చూడలేం. ఉడుత గూడు కనపడితే పిల్లలు కళ్లు తెరిచి వెళ్లేదాకా ఆ మూల వదిలేయండి, కొన్ని వారాల మాటే.

మీ కుప్ప విప్పడానికి బాగా ఎండ కాసిన రోజు చూసుకుని, పది గంటల తర్వాత, ఇద్దరు మనుషులు మొదలుపెట్టండి, పిల్లలు లోపల ఉండాలి. పుచ్చినది ఒక పక్క, మట్టి పట్టింది దులిపి ఎండలో ఒక పక్క, బాగున్నది ఒక పక్క వేయండి. మధ్యలో పాము కనపడితే పని ఆపి వెనక్కి జరిగి, ఒకరు దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచండి, ఇంకొకరు అటవీశాఖకో మీ ఏరియాలో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి, చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా చాలా కాట్లు చంపబోయినప్పుడే పడతాయి. ఆ నంబరు ఈ రోజే కనుక్కుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

పిండి ఏ రకమో తేల్చుకోలేకపోతే, బెజ్జం పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, సైజు తెలిస్తే చెప్పగలను. గోడ మీద మట్టి గీతల ఫోటో కూడా పెట్టండి, గోకకముందు ఒకటి, పది రోజుల తర్వాత ఒకటి.